గుండిగ అడుగున

మార్చి 12

మయూమికి రక్తం తక్కువట.

హెల్త్ పోస్టులో నర్సు ఒఫీలియా పిల్ల వేలు పొడిచి, ఆ చిన్న మెషిన్‌లో చూసి, తలెత్తి నా మొహంలోకి చూసింది. "తొమ్మిది పాయింట్ నాలుగు. నాలుగేళ్ళ పిల్లకి పదకొండుండాలమ్మా. ఏం పెడుతున్నావ్ దీనికి?" అంది. మెల్లిగా అడగొచ్చుగా! నా వెనక నిలబడ్డ తల్లులందరికీ వినపడింది. "అన్నీ పెడుతున్నానమ్మా" అన్నాను.

ఏం అన్నీ, నా మొహం! పొద్దున టీ, బిస్కెట్లు. మధ్యాహ్నం ఉమ్మడి వంటశాల సేమ్యా సూపు, దాంట్లో ప్యాకెట్ మసాలా. రాత్రికి మళ్ళీ టీ, రొట్టె. చవగ్గా కడుపు నిండుతోంది కదా, పిల్ల ఏడవట్లేదు కదా అనుకున్నాను.

గ్రిమనేసా కూతురు నయేలికి కూడా తక్కువే. తొమ్మిది పాయింట్ ఎనిమిది. గ్రిమనేసాది మా పక్కిల్లే. మయూమికి బాప్తిస్మంలో జ్ఞానతల్లి, అందుకే వదినా వదినా అనుకుంటాం. కొండెక్కుతుంటే దారంతా ఆవిడే మాట్లాడింది. "సిగ్గెందుకు వదినా, ఈ కొండమీద సగం మంది పిల్లలది ఇదే గోల" అంది. నాకైతే తలెత్తి నడవబుద్ధి కాలేదు.

మార్చి 13

నర్సు చెప్పినవి: కోడి నెత్తురు, కార్జం, పప్పులు, గోధుమలు, ఆకుకూర, చిన్న చేపలు. ఉప్పూ చక్కెరా కొవ్వూ ఎక్కువని హెచ్చరించే నల్ల ముద్రలు ప్యాకెట్ మీద ఉన్నదేదీ ఇంట్లోకి రాకూడదు. మా అలమారలో ఉన్నవన్నీ తీసి చూశాను. ముద్ర లేనిది ఉప్పొక్కటే.

"అయితే ఇవాళ్టి నించి ఉప్పూ నీళ్ళూ తాగి బతుకుదాం" అన్నాడు మా ఆయన ఎలిసెయో. అతను తోలే మోటోటాక్సీ అద్దెది. సగం సంపాదన ఓనరుకే పోతుంది, మిగతాది పెట్రోలూ మేమూ పంచుకోవాలి. కార్జం రోజూ కొనాలంటే ఎక్కణ్ణించి తెస్తాం?

మార్చి 17

ఉమ్మడి వంటశాల మీటింగు.

నేనే లేచాను. మధ్యాహ్నం మా వీధి ఇళ్ళన్నీ తినేది ఆ ఒక్క గుండిగలోంచే. దాన్ని బాగుచేస్తే అందరి పిల్లలూ బాగుపడతారు. "ఇకమీదట ప్యాకెట్‌లోంచి వచ్చేదేదీ మన గుండిగలో పడకూడదు" అన్నాను. గొల్లుమన్నారు. "మరి రుచెక్కణ్ణించి వస్తుందే, నీ చేతిలోంచా?" అని రోసెందా ఎత్తిపొడిచింది. దానికి నా మీద కోపం ఉండదూ మరి! పోయిన నెల దాని చేతిలో గరిటె లాగేయించింది నేనే. తన అక్కచెల్లెళ్ళ గిన్నెల్లో చిక్కగా, మిగతావాళ్ళకి నీళ్ళగా పోసేది. అందరిముందూ నిలదీశాను. "పిల్లల నోటి దగ్గర కూడు తీసేదానివి, గుడికెళ్ళి ఏం మొక్కుతావే" అన్నాను. ఏడ్చింది.

చివరికి ఒప్పుకున్నారు. మరి ఖర్చో అంటే గ్రిమనేసా చెయ్యెత్తింది. కోళ్ళు కోసే చోట నెత్తురు ఊరికే పారేస్తారట, పొద్దున్నే బకెట్ పట్టుకెళ్ళి నేను తెస్తాను అంది. దోన్యా పెత్రోనిలా మా వంటశాల పెద్ద. ఆవిడ గరిటె తెచ్చి నా చేతిలో పెట్టి, "నీ చెయ్యి తిన్నగా ఉంటుంది, నువ్వే వడ్డించు" అంది. గరిటె పట్టినవాళ్ళు ఆఖర్న తీసుకోవాలి, అది ఇక్కడి పద్ధతి. మిగిల్తే ఉంది, లేకపోతే లేదు.

ఇంటికొచ్చాక ఎలిసెయోకి రెండుసార్లు చెప్పాను ఈ సంగతి.

ఏప్రిల్ 2

గ్రిమనేసా చలిలో చీకటుండగానే వెళ్తోంది. బకెట్ మోసుకుని అన్ని మెట్లూ ఎక్కి వస్తుంది, చెప్పులమీదంతా ఎర్రటి చుక్కలు. వచ్చేసరికి గడ్డకట్టి ఉంటుంది. ఉప్పు నీళ్ళలో ఉడకబెట్టి, చిదిమి, ఉల్లిపాయా పుదీనాతో వేయించి పప్పు గుండిగలో కలుపుతాం. గుమ్మడికాయ, గోధుమలు, చిలగడదుంప. వాసనకి వీధి కుక్కలన్నీ గుమ్మంలోనే. మొదట్లో మూతులు ముడుచుకున్నవాళ్ళే ఇప్పుడు గిన్నె కాస్త పెద్దది తెస్తున్నారు.

ఏప్రిల్ 9

ఇంట్లో టీ మానేయించాను. సంత ముగిసేవేళకి వెళ్ళి వాడిన ఆకుకూర, పగిలిన గుమ్మడి ముక్కలు బేరమాడి తెస్తున్నాను. ఎలిసెయో గోధుమ గుగ్గిళ్ళు డబ్బాలో పట్టుకెళ్తే స్టాండులో వాళ్ళు "ఏరా, మీ ఆవిడ నిన్ను పెంచుతోందా, కోసేందుకు మేపుతోందా?" అన్నారట. ఇవాళ మోటోటాక్సీ సీటు కింద కూల్‌డ్రింక్ సీసా దొరికింది. "ప్యాసింజర్ మర్చిపోయాడే" అన్నాడు. సగం తాగి మర్చిపోయాడట ప్యాసింజర్! నవ్వాగలేదు. చాలా రోజులకి ఇద్దరం నవ్వుకున్నాం.

ఏప్రిల్ 16

భుజం నొప్పి. గుండిగ సరిగ్గా కలపలేకపోయాను.

ఏప్రిల్ 17

భుజం ఇంకా తగ్గలేదు.

ఏప్రిల్ 18

మయూమి గిన్నె నాకింది ఇవాళ. బుగ్గలకి రంగొచ్చినట్టే ఉంది. భుజం అలాగే ఉంది.

ఏప్రిల్ 24

ఇది నేను తప్ప ఎవరూ చదవరు, ఇక్కడ కూడా భుజం భుజం అని రాస్తే ఎలా?

నెత్తురు ముక్కలు బరువు, అడుక్కి దిగిపోతాయి. పప్పూ దిగుతుంది. ప్రతి గిన్నెకీ ముందు అడుగు నించి ఒకసారి తిప్పి పోస్తే అందరికీ సమానం. తిప్పకుండా పైపైన పోస్తే అందరికీ పలచనే, గుమ్మడి ముక్కలు తేలుతూ నిండుగానే కనిపిస్తుంది. ఆఖర్న గరిటె పట్టినదాని గిన్నె. అప్పటికి గుండిగలో మిగిలేది అడుగు.

నేనేం ఎవరి గిన్నెలోంచీ తీయలేదు. పద్ధతి ప్రకారం ఆఖర్నే తీసుకున్నాను. రోసెందా చేసింది వేరు, అది ఎంచి ఎంచి పోసేది. నేను ఎవరికీ ఎక్కువా తక్కువా చెయ్యట్లేదు. అందరికీ ఒకేలా పోస్తున్నాను.

వాళ్ళ పిల్లలకి తొమ్మిది పాయింట్ నాలుగు రాలేదు కదా. ఏ తల్లైనా ఇదే చేస్తుంది.

ఏప్రిల్ 25

ఏ తల్లైనా చెయ్యదు. గ్రిమనేసా చెయ్యదు.

మే 9

వరసలో నయేలి నిలబడే కునుకు తీస్తోంది. బడిలో కూడా బల్లమీద తలపెట్టి పడుకుంటోందట. గ్రిమనేసా దాన్ని చంకనెత్తుకుని, ఒక చేత్తో గిన్నె చాచింది. "చూడు వదినా, అందరికీ పోశాక కానీ నువ్వు తీసుకోవు. దేవుడు నీకిచ్చిన చెయ్యి అలాంటిది" అంది.

గరిటె ముంచాను. తిప్పుదామనే ముంచాను. వెనక మయూమి "అమ్మా ఆకలి" అంది. పైనించే పోశాను.

రేపు తిప్పుతాను.

మే 10

తిప్పలేదు.

జూన్ 11

మయూమికి పదకొండు పాయింట్ ఒకటి. నయేలికి తొమ్మిది పాయింట్ ఒకటి.

నర్సు ఒఫీలియా నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. "శభాష్ జెనైదా! రక్తం పట్టే మందు చుక్కలు ఇద్దరికీ ఒకేలా ఇచ్చాం, ఇద్దరూ తినేది ఒకే గుండిగలోది. మరి నువ్వేం చేశావ్ చెప్పు" అంది. గ్రిమనేసా పక్కనే ఉంది. కూతురి కింది రెప్ప లాగి చూస్తోంది, లోపల తెల్లగా ఉంది. నా వంక తిరిగి, "అవును వదినా, నేనూ అదే పెడుతున్నాను కదా. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పు వదినా" అంది. అందులో అనుమానం ఇసుమంతైనా లేదు. ఉంటే బాగుండేది.

"నిమ్మకాయ" అన్నాను. నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు. "తినేముందు నిమ్మకాయ పిండుతాను. అప్పుడే ఒంటికి పడుతుంది."

"అదీ! నేను చెప్పలా?" అంది నర్సు సంబరంగా. "వచ్చే వారం తల్లుల మీటింగులో నువ్వే మాట్లాడాలి."

నిమ్మకాయ మంచిదే. అబద్ధమేం కాదు. నేనూ పిండుతాను, అప్పుడప్పుడు.

జూన్ 18

మాట్లాడాను. ఉన్న కాస్త డబ్బులో పిల్లలకి మంచి తిండి ఎలా పెట్టాలో! చప్పట్లు కొట్టారు. గ్రిమనేసా ముందు వరసలో కూర్చుని ప్రతి మాటకీ తలూపింది. రోసెందా మటుకు వెనక గోడకానుకుని చేతులు కట్టుకుని నిలబడింది, చప్పట్లు కొట్టలేదు. దానికి తెలుసు. గరిటె పట్టినదానికి తెలీదూ!



జూన్ 23

మా ఇంట్లోంచి గ్రిమనేసా వంటిల్లు వినపడుతుంది. మధ్య ఉన్నది రేకే కదా.

"తాగవే నా తల్లివి కదూ."

"పుల్లగా ఉందమ్మా."

"జెనైదా అత్త చెప్పింది, ఇలా తాగితే మయూమి లాగా బలం వస్తుంది. ముక్కు మూసుకుని తాగు."

నిమ్మకాయలు కొనడానికి గ్రిమనేసా ఏం మానుకుందో నాకు తెలుసు. తను తినే గుడ్డు మానుకుంది. ఆ పలచటి నీళ్ళలో నిమ్మకాయ మీద నిమ్మకాయ పిండి పిల్లకి పోస్తోంది. నేనిక్కడ గోడకి చెవి పెట్టి వింటూ మయూమికి అన్నం తినిపిస్తున్నాను, చిక్కటి పులుసుతో. నామీద నాకే అసహ్యమేస్తోంది.

జూన్ 24

ఇవాళ తిప్పాను. మొదటి పది గిన్నెలకి. తర్వాత మయూమి వచ్చి నా పావడా పట్టుకుంది.

గ్రిమనేసాది పదకొండో గిన్నో పన్నెండో గిన్నో.

జూలై 3

జ్వరం. లేవలేకపోయాను. గరిటె ఇవాళ గ్రిమనేసా పట్టింది. ఎలిసెయో మయూమిని తీసుకుని గిన్నెతో వెళ్ళాడు.

తిరిగొచ్చి గిన్నె బల్లమీద పెట్టి, టోపీ తీయకుండా కూర్చున్నాడు. మయూమి మంచమెక్కి నా మెడ పట్టుకుని చెప్పింది, పెద్ద ఘనకార్యం చేసినట్టు. "అమ్మా, అత్తకి రాదమ్మా వడ్డించడం. ప్రతిసారీ తిప్పేస్తోంది. తిప్పకత్తా, తిప్పకు, మా అమ్మ తిప్పదు, అడుగున ఉన్నది మాకు కావాలి అని చెప్పాను."

"ఎవరెవరున్నారే అక్కడ?"

"అందరూ."

ఎలిసెయో వంక చూశాను. "నిజమేనా జెనా?" అన్నాడు. మయూమి జుట్టు సర్దుతూ ఉండిపోయాను. "నేను స్టాండులో నీ గురించి చెప్పుకుంటానే. మా ఆవిడ ఆఖర్న తీసుకుంటుందిరా అని" అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. నెమ్మదిగా అన్నాడు.

"గ్రిమనేసా ఏమంది?" అని అడిగాను.

"గుండిగ తిప్పింది, దీని గిన్నె నింపింది. తర్వాత మిగతావాళ్ళకీ తిప్పి తిప్పి పోసింది. తన గిన్నె ఆఖర్న పెట్టుకుంది."

మయూమి నిజం చెప్తే ఎప్పుడూ ముద్దు పెట్టుకుంటాను. ఇవాళ కూడా పెట్టుకున్నాను. అది ఏం తప్పు చేసింది గనక?

జూలై 4

జ్వరం తగ్గింది. తగ్గలేదని చెప్పాను.

జూలై 5

జ్వరం అనే చెప్పాను.

పక్కింట్లో చప్పుడు లేదు. గ్రిమనేసా అరిస్తే బాగుండును. జుట్టు పట్టుకుని వీధిలోకి లాగితే ఇంకా బాగుండును. పొద్దున్నే బకెట్ చప్పుడు మటుకు వినపడింది. వెళ్ళింది, ఎప్పట్లాగే.

జూలై 6

దోన్యా పెత్రోనిలా వచ్చింది. ముసల్ది అన్ని మెట్లూ ఎక్కి వచ్చి, నీళ్ళు కూడా పుచ్చుకోలేదు. గరిటె తెచ్చి నా ముందు పెట్టింది, నేను వెనక్కి తోశాను. "ఇంకెవరికైనా ఇచ్చెయ్యండమ్మా. నేను వంటశాలకి రాను" అన్నాను.

"రాకపోతే పిల్లకి ఏం పెడతావే? మళ్ళీ బిస్కెట్లా?" అంది. "రోసెందా దగ్గర లాక్కుని నీకిచ్చాం. నీ దగ్గర లాక్కుని ఇంకోదానికిస్తే దానికీ పిల్లలుంటారు. మేం గరిటె మార్చం. రేపు నువ్వే వచ్చి పొయ్యాలి. అందరం చూస్తూ ఉంటాం."

"ఏ మొహం పెట్టుకుని రానమ్మా?"

"ఉన్న మొహమే పెట్టుకుని రా."

జూలై 7

వెళ్ళాను. రాయాలి, లేకపోతే మళ్ళీ భుజం నొప్పి అని రాసుకుంటాను.

గుమ్మంలో అడుగుపెట్టగానే అందరూ నా వైపు తిరిగారు. సన్నజల్లు పడుతోంది, వరస బయట మెట్ల దాకా ఉంది. మొదటి గిన్నె రోసెందాది. నా కళ్ళలోకి చూసి, "తిప్పు" అంది. నేను తనని అన్నవన్నీ తిరిగి అనొచ్చు, అనలేదు.

తిప్పి పోశాను. రెండో ఆవిడ. "తిప్పు." మూడో ఆవిడ. "తిప్పమ్మా." ఒక్కొక్కరూ గిన్నె పెట్టడం, ఆ మాట అనడం. కొందరు కోపంగా అన్నారు, కొందరు నేల చూస్తూ అన్నారు. ఒక ముసలాయన నవ్వుతూ "కాస్త తిప్పు తల్లీ, పుణ్యముంటుంది" అన్నాడు. ఎక్కడ తక్కువైందంటారో అని ప్రతి గిన్నె అంచు దాకా నింపాను. ఒకదానికి ఇంకో గరిటె కూడా పోశాను.

గ్రిమనేసా గిన్నె పెట్టింది. నయేలి తల్లి పావడా పట్టుకుని నిలబడింది. ఆవిడొక్కతే "తిప్పు" అనలేదు. నేనే అడుగు దాకా ముంచి, రెండుసార్లు తిప్పి, మూడు గరిటెలు పోశాను. "వదినా" అన్నాను. గిన్నె తీసుకుని పక్కకి జరిగింది.

అందరివీ అయ్యాయి. ఎవరూ కదల్లేదు. నా గిన్నె ఆఖర్న. గుండిగ వంచి చూశాను. భయంలో అందరికీ పోసేశాను కదా, అడుగున ఏమీ లేదు. గరిటెతో గీరితే గుమ్మడి తొక్క ఒకటి, కాస్త తడి. మయూమి మునివేళ్ళ మీద లేచి గుండిగలోకి తొంగి చూసింది. "మనకేదమ్మా?" అంది.

పిల్ల చెయ్యి పట్టుకున్నాను. ఇంటికెళ్ళి గోధుమలు ఉడకేస్తాను, పద అన్నాను. పిల్ల పెదవి విరిచింది.

గ్రిమనేసా వచ్చింది. మయూమి చేతిలో గిన్నె తీసుకుని బల్లమీద పెట్టి, తన గిన్నెలోది చెంచాతో అడుగు నించి తిప్పి, సగం ఇందులోకి వంచింది. "వద్దు వదినా, నయేలికి" అన్నాను. వినలేదు. నెత్తురు ముక్కలు రెండు గిన్నెల్లోనూ సరిగ్గా ఉన్నాయో లేదో వంగి చూసింది, ఒక చెంచా అటు తీసి ఇటు వేసింది. ఆ చూసుకోవడం చూస్తుంటే నేను భూమిలోకి పోతే బాగుండుననిపించింది.

తర్వాత జేబులోంచి సగం కోసిన నిమ్మకాయ తీసి నా అరచేతిలో పెట్టింది.

"పిండు వదినా" అంది. "నువ్వే కదా చెప్పింది, అప్పుడే ఒంటికి పడుతుందని."

అందరూ చూస్తున్నారు. మొదట నయేలి గిన్నెలో పిండాను. తర్వాత మయూమి గిన్నెలో. గింజలు పడితే వేలితో తీశాను. చెయ్యి మీద ఎక్కడో చిన్న గాయం ఉన్నట్టుంది, బాగా మండింది.

పిల్లలిద్దరూ అక్కడే గట్టుమీద కూర్చుని తిన్నారు. గ్రిమనేసా, నేనూ చెరో పక్కా నిలబడ్డాం.

జూలై 8

పొద్దున్నే బకెట్ చప్పుడు వినపడింది. లేచి చెప్పులేసుకుని మెట్లు దిగాను. గ్రిమనేసా వెనక్కి తిరిగి చూసింది, ఆగలేదు, పొమ్మనలేదు. వచ్చేటప్పుడు బకెట్‌కి ఒక పక్క నేను పట్టుకున్నాను.